వెబ్‌సైటు పేరు ఎవరి పట్టాలో ఉన్నది?

నేడు చేనేత సంఘములు, మహిళా పొదుపు సంఘములు, రైతుల ఉత్పత్తిదారుల సంఘములు తమ సరకును దూరప్రాంతములవారికి చూపుటకై వెబ్‌సైట్లు పెట్టుకొనుచున్నవి. పోచంపల్లి చీరయు, కొండపల్లి బొమ్మయు, ఏటికొప్పాక లక్కబొమ్మయు ఈ మార్గమున కూడ కొనుగోలుదారుని చేరుచున్నవి. అయితే వెబ్‌సైటును తయారుచేయించునప్పుడు చూపు శ్రద్ధను దానిని నిలుపుకొనుటలో పెక్కుమంది చూపరు. పొలమునకు పట్టా ఎంత ముఖ్యమో వెబ్‌సైటునకు దాని పేరు అంత ముఖ్యము. ఆ పేరు ఎవరి ఆధీనములో ఉన్నదో పంచాయతీ సభ్యులు విచారించి తెలిసికొనవలెను.

పేరు వేరు, చోటు వేరు

వెబ్‌సైటు అనగా ఎల్లవేళల పనిచేయుచుండు ఒక కంప్యూటరులో ఉంచిన పుటల సముదాయము. ఆ చోటునకు చెల్లించు అద్దె హోస్టింగు ఖర్చు. ఆ చోటునకు దారి చూపు పేరునకు డొమైను అని పేరు. ప్రతి కంప్యూటరునకు అంకెల చిరునామా ఉండును. అంకెలను జ్ఞాపకముంచుకొనుట కష్టము గనుక, పేరును బట్టి అంకెలను తెలుపు పద్ధతిని 1983లో అమెరికాలో పాల్ మొకపెట్రిస్ రూపొందించెను. మన దేశపు '.ఇన్' పేర్ల నిర్వహణను నిక్సీ అను సంస్థ చూచుచున్నది. తెలుగు లిపిలో '.భారత్' అను ముగింపుతో కూడ పేర్లు కలవు. '.గవ్.ఇన్' అను ముగింపు ప్రభుత్వ సంస్థలకు మాత్రమే ప్రత్యేకింపబడినది.

ఇది శాశ్వత హక్కు కాదు

డొమైను పేరును ఎవరును శాశ్వతముగా కొనజాలరు. అది కౌలు వంటిది. '.ఇన్', '.కామ్' పేర్లను ఒక సంవత్సరము మొదలు పది సంవత్సరముల వరకు తీసికొని, గడువునకు ముందే రుసుము చెల్లించి కొనసాగించుకొనవలెను. గడువు దాటిన పిమ్మట కొలది కాలము తిరిగి పొందు అవకాశముండును గాని, అప్పుడు ఖర్చు ఎక్కువ. ఆ కాలమును గడచినచో ఆ పేరును ఎవరైనను తీసికొనవచ్చును.

ఈ పొరపాటు పెద్దలకును తప్పలేదు. 1999 డిసెంబరులో మైక్రోసాఫ్టు కంపెనీ తన 'పాస్‌పోర్ట్.కామ్' పేరునకు 35 డాలర్ల రుసుము చెల్లించుట మరచెను. హాట్‌మెయిల్ వాడుకదారులు పలువురు తమ ఉత్తరములను చూచుకొనలేకపోయిరి. సంబంధము లేని ఒక ప్రోగ్రామరు తన సొమ్ముతో ఆ రుసుము చెల్లించిన పిమ్మట గాని పని సాగలేదు.

గ్రామములలో వచ్చు చిక్కు మరియొక రీతిగా ఉండును. సైటును తయారుచేసిన యువకుడు డొమైనును తన పేరిట, తన ఈమెయిలుతో నమోదు చేయును. కొంతకాలమునకు ఉద్యోగమునకై పట్నము వెళ్లును. గడువు హెచ్చరికలు అతనికే పోవును గాని సంఘమునకు తెలియవు. పేరు అన్యుల చేత పడినచో, పాత చీటీలపై అచ్చువేసిన చిరునామాను నమ్మివచ్చిన కొనుగోలుదారులు మోసగానికి సొమ్ము చెల్లించు ప్రమాదము కలదు. సంఘము ఏండ్ల తరబడి సంపాదించుకొన్న మంచిపేరు ఒక్కదినమున పోవచ్చును.

అధిక ధరలు, వట్టి వాగ్దానములు

చూపరి ఫోనుకును సైటునకును మధ్య సాగు సమాచారమును ఇతరులు చదువకుండ కాపాడుటకు ఒక సర్టిఫికేటు అవసరము. అది లేని సైట్లను 2018 జూలై నుండి క్రోమ్ బ్రౌజరు 'సురక్షితము కాదు' అని చూపుచున్నది. దీనిని లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను సంస్థ 2015 నుండి ఉచితముగా ఇచ్చుచున్నది. కావున అధిక ధర అడిగినవారిని కారణము అడుగవలెను. అయితే ఈ సర్టిఫికేటు దారి భద్రతకే గాని, అమ్మువాని నిజాయితీకి హామీ కాదు.

"సొమ్మిచ్చినచో గూగుల్‌లో మీ సైటును మొదటి స్థానమున నిలుపుదుము" అని కొందరు చెప్పుదురు. ప్రకటనలు వేరు. వాటికి రుసుము కలదు. సాధారణ ఫలితములలో మొదటి స్థానమునకు ఎవరును హామీ ఇవ్వజాలరని గూగులే చెప్పుచున్నది. ఏ మాటలతో వెదకినవారికి మన సైటు కనబడుచున్నదో సెర్చ్ కన్సోల్ అను ఉచిత సాధనము చూపును. ఊరిపేరు, సరకు, ధర, ఫోను నంబరు బొమ్మలో ఇమిడ్చి ఊరకుండక అక్షరములలో వ్రాయుటయు, ఫోనులో త్వరగా తెరచుకొనునట్లు బొమ్మల బరువు తగ్గించుటయు ఖర్చులేని మేలు.

చేయవలసిన పనులు

1. డొమైనును సంఘము పేరిట, సంఘపు ఈమెయిలుతో నమోదు చేయింపవలెను. ఇదివరకే వ్యక్తి పేరిట ఉన్నచో సామరస్యముగా మార్పించుకొనవలెను.
2. గడువు తేదీని తీర్మానముల పుస్తకమున వ్రాసి, రెండు నెలల ముందే చర్చకు తేవలెను.
3. పాస్‌వర్డు ఇద్దరు బాధ్యుల వద్ద భద్రముగా ఉండవలెను. బాధ్యులు మారినప్పుడు పాస్‌వర్డును కూడ మార్చవలెను.
4. పుటల నకలును ఏటేట వేరొకచోట దాచవలెను.

చర్చకు ప్రశ్నలు

మన గ్రామమున వెబ్‌సైటు గల సంఘములు ఎన్ని? వాటి పేర్లు ఎవరి పేరిట ఉన్నవి? గడువు ఎన్నడు? రాబోవు సమావేశములో ఈ మూడింటికి సమాధానము రాబట్టినచో ఈ పాఠము సార్థకమగును.