సెలవుల్లోనూ చదువు భారమేనా?

వేసవి సెలవులు వచ్చినా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పిల్లల్లో చాలామందికి పుస్తకాలు తప్పడం లేదు. ఇంటర్ తప్పినవారికి సప్లిమెంటరీ, మిగిలినవారికి ఈఏపీసెట్, నీట్ కోచింగ్. బయట 40 డిగ్రీలు దాటే ఎండ, లోపల మార్కుల దిగులు. ఈ దిగులు శరీరాన్ని ఎలా బాధిస్తుందో, ఇంటివారు ఏమి చేయవచ్చో ఈ పాఠంలో తెలుసుకుందాం.

శరీరం చెప్పే మాట

ఒత్తిడి కలిగినప్పుడు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు ఎక్కువగా విడుదలవుతాయి. పరీక్ష రోజున ఇవి కొంత మేలే చేస్తాయి. వారాల తరబడి అలాగే ఉంటే తలనొప్పి, కడుపునొప్పి, గుండెదడ, చిరాకు మొదలవుతాయి. చదువు ఎగ్గొట్టడానికి నటిస్తున్నారని అనుకోకండి. ఆ నొప్పి నిజమైనదే. రక్తహీనత, చూపులోపం వంటివి ఉన్నాయేమో ముందు పరీక్ష చేయించండి.

ఇలాంటి బాధలతో వచ్చే పిల్లలను మేము మొదట అడిగేది, "రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నావు?" అని. 13 నుండి 18 ఏళ్లవారికి రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరం. పగలు చదివినది మెదడులో స్థిరపడడానికి నిద్ర కావాలి. అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టి, తెల్లవారుజామున 4 గంటలకే లేపితే చదివినది నిలవదు.

సెలవుల్లో దినచర్య

1. కష్టమైన పాఠాలు ఉదయం చల్లని వేళ చదవాలి. గంటకొకసారి లేచి కాసేపు నడవాలి.
2. మధ్యాహ్నం ఎండలో తిరగకూడదు. మజ్జిగ, నీళ్లు బాగా తాగాలి. సాయంత్రం తర్వాత టీ, కాఫీలు వద్దు.
3. సాయంత్రం ఒక గంట ఆట తప్పనిసరి. రాత్రి పుస్తకం మూసి, ఉదయం చదివినది గుర్తు తెచ్చుకొని రాయాలి.
4. వారానికి ఒక రోజు పుస్తకాలకు పూర్తి సెలవు ఇవ్వాలి.

తల్లిదండ్రులకు

పక్కింటి పిల్లలతో పోల్చకండి. "ఇంత ఫీజు కట్టాము" అని పదే పదే గుర్తు చేయకండి. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు పదో తరగతి మార్కులను బట్టి వస్తుంది కాబట్టి పోటీ అక్కడే మొదలవుతుంది. ఆ సీటు రాకపోయినా ఇంటర్, పాలిటెక్నిక్, ఐటీఐ వంటి దారులు ఉన్నాయని ఫలితాలకు ముందే చెప్పండి.

ఆలస్యం చేయకూడని సూచనలు

2023లో విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ల విద్యార్థిని మరణించింది. ఆమె తండ్రి వేసిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థల్లో కౌన్సెలర్ ఉండాలని, మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయరాదని, అందరి ముందు అవమానించరాదని చెప్పింది. మీ పిల్లల కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారా అని అడగండి.

పిల్లలు ఎవరితోనూ మాట్లాడకపోయినా, "నేను లేకపోతే మీకే మేలు" అన్నా తేలికగా తీసుకోకండి. చనిపోవాలనిపిస్తోందా అని నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, మనసులోని బరువు దిగుతుంది. ఒంటరిగా వదలకండి. పురుగుమందులు, మాత్రలు తాళం వేసి ఉంచండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇంట్లో మాట్లాడుకోండి: ఈ వారంలో మన పిల్లలతో చదువు ఊసు లేకుండా ఎంతసేపు మాట్లాడాము?