ఆటకీ పాటకీ ఒకటే పెట్టె

ఏమే చెల్లీ, "పిల్లాడు ఆటలకి సౌండ్ కార్డు కొనమంటున్నాడు, పిల్ల తన పాటలు రికార్డు చేసుకుంటానంటోంది, రెండూ కొనలేనక్కా" అన్నావు కదా. రెండూ అక్కర్లేదే. పాట కోసం కొను, ఆట దాంతోనే నడిచిపోతుంది.

ఒకప్పుడైతే పిల్లాడి మాటే సరి. సింగపూర్‌కి చెందిన క్రియేటివ్ వాళ్ళు 1989లో సౌండ్ బ్లాస్టర్ తెచ్చాక, ఆటలు బాగా వినిపించాలంటే మంచి కార్డు ఉండి తీరాల్సిందే. శబ్దం ఏ దిక్కునుంచి రావాలో ఆ లెక్కలు కూడా కొన్నాళ్ళు కార్డే చేసేది. 2007లో విండోస్ విస్టా వచ్చాక ఆ పద్ధతి పోయింది. ఇప్పుడు శత్రువు అడుగుల చప్పుడు వెనకనుంచా, పక్కనుంచా అన్నది ఆటే లెక్కగట్టి రెండు చెవులకీ పంచుతుంది. వాలొరంట్ ఆటలో అయితే సెట్టింగుల్లో హెచ్‌ఆర్‌టీఎఫ్ అని ఉంటుంది. అది ఆన్ చేసుకుని, మామూలు వైరు హెడ్‌ఫోన్స్ పెట్టుకోమను. దానిమీద మళ్ళీ వర్చువల్ 7.1 సరౌండ్ పెడితే దిక్కులు కలగాపులగమైపోతాయి. బ్లూటూత్ మాత్రం వద్దే వద్దు. శబ్దం ఆలస్యంగా చేరుతుంది.

పిల్లకి కావలసింది యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్. షాపులో ఆ పేరుతోనే అడుగు. అరచేతికి కాస్త పెద్దగా ఉంటుంది, ల్యాప్‌టాప్‌కైనా డెస్క్‌టాప్‌కైనా బయటనుంచే తగిలించుకోవచ్చు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో లాంటివి ఒక్క గొంతుకి ధారాళంగా సరిపోతాయి. మైకు పెట్టే చోట మూడు రంధ్రాల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ ఉందా, 48వి అని రాసిన స్విచ్ ఉందా చూడు. కండెన్సర్ మైకు ఆ 48 వోల్టులు లేకపోతే పలకదు.

అన్నిటికంటే ముఖ్యంగా డైరెక్ట్ మానిటర్ ఉండాలి. ఎందుకంటావా? మైకులో పాడిన గొంతు కంప్యూటర్లోకి వెళ్ళి తిరిగి చెవికి రావాలి కదా, ఆ మధ్యలో కొంత జాప్యం తప్పదు. శబ్దాన్ని విడతలుగా పోగుచేసే బఫర్‌ని 256 శాంపిల్స్ పెడితే 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక విడతకి 5 మిల్లీసెకన్లు దాటుతుంది. 1024 పెడితే 21 దాటుతుంది. వెళ్ళడానికి ఒకసారి, రావడానికి ఒకసారి కాబట్టి అది రెట్టింపవుతుంది. తన గొంతే తనకి వెనకబడి వినిపిస్తుంటే పిల్ల తెలియకుండానే లయ లాగేస్తుంది, తాళం తప్పుతుంది. పాపం, సాధన చాలలేదనుకుని కుంగిపోతుంది. డైరెక్ట్ మానిటర్ నొక్కితే గొంతు కంప్యూటర్లోంచి తిరిగి రావాల్సిన పని లేకుండా పెట్టెలోంచే నేరుగా చెవిలో పడుతుంది. ఆ ఒక్క బటన్ లేని పెట్టె ఎంత చవకగా వచ్చినా తీసుకోకు.

పిల్లాడి గేమింగ్ హెడ్‌సెట్ సంగతి ముందే చెబుతున్నా. దాని సన్నపిన్నులోనే మైకు కూడా ఉంటుంది. ఇంటర్‌ఫేస్‌కి లావుపిన్ను కావాలి, అడాప్టర్ పెడితే చెవులకి వినిపిస్తుంది గానీ ఆ మైకు పనిచేయదు. స్నేహితులతో మాట్లాడాలంటే వాళ్ళక్క మైకే వాడుకోవాలి. వాడే వేళల గురించి ఇద్దరినీ ముందే ఒక ఒప్పందానికి తెచ్చెయ్.

ఖరీదైన మోడల్‌కి వెళ్ళకుండా మిగిలిన డబ్బు మంచి మైకుకీ, స్టాండుకీ పెట్టు. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ చాలాసార్లు విడిగా కొనాలి, మర్చిపోకు.

ఇక గది. హాల్లో నున్నటి గోడలు, టైల్స్ నేల, గొంతు గింగురుమంటుంది. బెడ్‌రూమ్‌లో బీరువా తలుపులు బార్లా తెరిచి, ఆ చీరలవైపు తిరిగి పాడమను. బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయి. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి వాల్చి ఉండాలి. ఫ్యాను ఆపాలి. శ్రుతి స్పీకర్లో కాకుండా హెడ్‌ఫోన్స్‌లోనే పెట్టుకోవాలి, లేకపోతే అదీ మైకులోకి ఎక్కుతుంది. పై స్థాయిలో గట్టిగా పాడినప్పుడు కూడా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా గెయిన్ తిప్పుకోమను. 24 బిట్స్‌లో రికార్డు చేస్తే తర్వాత పెంచుకోవచ్చు, పగిలిన గొంతుని మాత్రం ఎవరూ అతకలేరు.

రికార్డింగులో గుయ్‌మని మోత వస్తే కంగారుపడి పెట్టె వాపసు ఇచ్చేయకు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడు. మోత ఆగిపోతే లోపం చార్జర్‌దో, ఆ ప్లగ్గులో ఎర్తింగ్‌దో అయివుంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిపించి చూపించు. అప్పటిదాకా బ్యాటరీ మీదే పాడించు.