పెడన గుడ్డ మీద పీహెచ్‌డీ చేయొచ్చు

గన్నవరం చుట్టుపక్కల డిగ్రీ పూర్తిచేస్తున్న పిల్లలు తరచూ అడిగే మాట, "ఏ కోర్సు చేస్తే మంచిదండీ?" అని. కళలు, దుస్తులు, చదువు, డిజిటల్ సంస్కృతి కలిసేచోట పరిశోధన చేయాలనుకునేవాళ్లు అక్కడ మొదలుపెడితే దారి దొరకదు. ఈ నాలుగూ ఒకే బోర్డు కింద ఉండే డిపార్ట్‌మెంటు మన దగ్గర వెతికినా కనపడదు. మిమ్మల్ని నిద్రపోనివ్వని ప్రశ్న ముందు దొరకాలి, డిపార్ట్‌మెంటు సంగతి తర్వాత. అలాంటి ప్రశ్నలకు కృష్ణా డెల్టాలో కరవు లేదు.

గుడివాడ మీదుగా పెడన వెళ్లి చూడండి. అక్కడి కలంకారీ అద్దకంలో గుడ్డను ముందు కరక్కాయ నీళ్లలో నానబెడతారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లంతో పులియబెట్టి, ఆ ద్రవంతో నల్ల గీతల అచ్చు వేస్తారు. ఎరుపు రావాల్సిన చోట పటిక ద్రవంతో అచ్చు వేస్తారు. గుడ్డను రంగునీళ్లలో మరిగించాకగానీ ఆ ఎరుపు తేలదు. ఒకప్పుడు అది చిరివేరు నుంచి వచ్చేది. ఇలాంటి అద్దకాలే బందరు రేవులో డచ్చివాళ్ల, ఇంగ్లీషువాళ్ల ఓడలెక్కి యూరప్‌లో ఫ్యాషన్ అయ్యాయి.

కోరమాండల్ తీరం నుంచి వెళ్లిన ఆ పాత గుడ్డలు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి ఫొటోలు ఇవాళ మీ ఫోన్లో చూడొచ్చు. ఏ కాలంనాటిది, ఎంత పొడవు అని రాసి ఉంటుంది. ఎవరు అద్దారన్నది సాధారణంగా ఉండదు. ఆ ఖాళీని ఎలా పూరించాలన్నది డిజిటల్ సంస్కృతి పరిశోధకులకు దొరికిన పెద్ద ప్రశ్న. స్క్రీన్ ప్రింటు గుడ్డ కూడా కలంకారీ పేరుతో ఆన్‌లైన్‌లో అమ్ముడుపోతుంటే కొనేవాళ్లు తేడా ఎలా కనిపెడతారు? అద్దకందారుల పిల్లలు ఈ విద్యను ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారు, బడి దాన్ని చదువుగా లెక్కిస్తోందా? ఫ్యాషన్‌వాళ్లూ విద్యారంగం వాళ్లూ ఆ ఒక్క గుడ్డ దగ్గరే కలుసుకుంటారు.

ఇలా పనిచేసినవాళ్లు మనకున్నారు. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో పనిచేసే హర్షిత మృతింటి కామత్ మన కూచిపూడి గ్రామంలో మగవాళ్లు కట్టే స్త్రీ వేషాన్ని పరిశోధనాంశంగా తీసుకున్నారు. సత్యభామ వేషంలోని జడ, నడక, గొంతు వెనుక ఊరి కులం, మగతనం గురించిన ఊహలు ఎలా పనిచేస్తాయో అడిగారు. 2019లో వచ్చిన ఆ పుస్తకం పేరు ఇంపర్సనేషన్స్. ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవొచ్చు, కనీసం మొదటి అధ్యాయమైనా చదవండి.

ఇంజినీరింగ్ పిల్లలకు నేను మరీ మరీ చెప్పే పేరు అన్నపూర్ణ మామిడిపూడి. ఎలక్ట్రానిక్స్ చదివి, ఏళ్ల తరబడి చేనేతవాళ్లతో పనిచేసి, నేత మగ్గం మీద జరిగే ఆవిష్కరణల గురించి నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేశారు. తర్వాత మ్యూనిక్‌లోని డాయిచెస్ మ్యూజియంలో నేతకూ గణితానికీ కంప్యూటర్ కోడ్‌కూ ఉన్న బంధాన్ని వెతికిన పెనెలోపి ప్రాజెక్టులో పాలుపంచుకున్నారు. బీటెక్ చేశాం కాబట్టి ఈ దారి మూసుకుపోయిందని ఎవరూ అనుకోనక్కర్లేదు.

ఇక బతుకుతెరువు. నా సలహా, ముందు ఒక సబ్జెక్టులో గట్టిపడండి. యూజీసీ నెట్ పరీక్షలో విజువల్ ఆర్ట్స్, హోం సైన్స్, మాస్ కమ్యూనికేషన్, జానపద సాహిత్యం, మ్యూజియాలజీ, ఎడ్యుకేషన్ అన్నీ ఉన్నాయి. మీ పీజీకి సరిపడేది ఎంచుకోండి. అందులో జేఆర్ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000. 2022 నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం మార్కులున్నవాళ్లు పీజీ లేకుండానే పీహెచ్‌డీకి అర్హులు. మార్కుల్లో కొన్ని వర్గాలకు సడలింపు ఉంది. జేఆర్ఎఫ్ లేకుండా నెట్ స్కోరుతో పీహెచ్‌డీలో చేరేటప్పుడు ఆ స్కోరుకు 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. ఆ 30 శాతం దగ్గరే పైన చెప్పిన ప్రశ్న మీకు అక్కరకొస్తుంది. హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీలోని సరోజినీ నాయుడు స్కూలు, ఇఫ్లూ, నిఫ్ట్, ఇక్కడ నాగార్జున విశ్వవిద్యాలయం చూడండి. డిజైన్ వైపు మనసుంటే మన రాష్ట్రంలోనే ఎన్ఐడీ ఉంది.

అధ్యాపక ఉద్యోగాలు తక్కువ, నోటిఫికేషన్లు ఆలస్యంగా వస్తాయి. ఇది దాచి ఎవరినీ ఈ దారి పట్టించకూడదు. అందుకే చదువుతూనే నాలుగు పనులు చేతికి తెచ్చుకోవాలి: తెలుగులో ఇంటర్వ్యూ చేసి అక్షరం పొల్లుపోకుండా రాయడం, వస్తువును ఫొటో తీసి వివరాలతో భద్రపరచడం, వికీపీడియాకు వ్యాసం రాయడం, ఇంగ్లీషులో ప్రాజెక్టు ప్రతిపాదన తయారుచేయడం. మ్యూజియాలు, చేనేత సంస్థలు, డిజిటల్ ఆర్కైవులు, యాప్‌లు తయారుచేసే కంపెనీల యూజర్ రీసెర్చ్ విభాగాలు అడిగేది వీటినే.

ఈ సెలవుల్లోనే మొదలుపెట్టండి. అద్దకం షెడ్డుకో, కూచిపూడికో వెళ్లేముందు ఫోన్ చేసి అనుమతి తీసుకోండి. పని ఆపి మీతో మాట్లాడినవాళ్లకు ఆ పూట కూలి పోయిందని గుర్తుంచుకుని డబ్బు ఇవ్వండి. పేరు రాయవచ్చా అని అడగండి, సరేనంటే పూర్తి పేరు రాయండి. రికార్డింగ్ కాపీ ఒకటి వాళ్ల ఫోన్లో ఎక్కించాకే బయల్దేరండి.