ఇంటి దొంగ: వాల్వు వర్ధకంలో కంపనాల రొద

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని పెద్దలు చెబుతారు. ధ్వని వర్ధకాల విషయంలో ఈ సామెత ఎంత నిజమో తెలుసుకొనడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సభ ఆరంభం కాకముందే మైకు కూత పెట్టడం మనకందరికీ అనుభవమే. మైకు ముందు ఎవరూ నోరు మెదపకపోయినా హారను నుండి కూత వస్తుంది. హారను పలికిన దానిని మైకు మరల విని, వర్ధకానికి అప్పగించి, అది మరింత పెద్దదై హారను చేరి, ఈ విధంగా చక్రం తిరుగుతూ ఉంటుంది. దీనినే భౌతికశాస్త్రంలో పునర్నివేశం అంటారు. ఈ దొంగ బయటివాడు. మైకును పక్కకు తిప్పితే పారిపోతాడు. కాని మైకును ఊడదీసినా ఆగని కూత ఒకటి ఉంది. అది వర్ధకం కడుపులోనే పుడుతుంది. అప్పుడు వినేది మైకు కాదు, వర్ధకంలోని వాల్వు.

రెండేండ్ల క్రిందట ఒక విద్యార్థి మా వద్దకు వచ్చాడు. తండ్రి వేరుశనగ రైతు. కుర్రవాడు పెళ్ళిళ్ళలో, ఉత్సవాలలో గిటారు వాయించి చదువు ఖర్చులో కొంత తానే సంపాదించుకుంటున్నాడు. బెంగుళూరులో ఎవరో వాడిన వాల్వు వర్ధకాన్ని, స్పీకరుతో కలిసి ఒకే పెట్టెలో ఉన్నదానిని, కూడబెట్టిన సొమ్ముతో కొన్నాడు. మంద్ర స్థాయిలో తీగ మీటినప్పుడల్లా పెట్టె గుడిగంట వలె గింగుమని, ఆపైన ఏకధాటిగా హోరెత్తేది. ఒక మరమ్మతుదారు రెండు పర్యాయాలు వాల్వులన్నీ మార్చాడు. డబ్బు పోయింది కాని హోరు పోలేదు. పాత సామానుకు అమ్మివేయమని తండ్రి పట్టుబట్టిన సమయంలో ఆ పెట్టె మా ముందుకు వచ్చింది. భాషా సాహిత్యాలు చెప్పుకొనేవారికి ఈ పని ఏల అని కొందరు అడుగవచ్చు. కారణం తెలియక మంచి వస్తువును పారవేయడం ఏ శాఖవారికైనా బాధ కలిగించేదే. ఆ పెట్టెతో గడిపిన కొన్ని సాయంకాలాలలో మేము నేర్చుకున్నది విద్యార్థులకు ఉపయోగపడుతుందని భావించి ఇక్కడ వివరిస్తున్నాము.

వాల్వు మైకు ఎట్లా అవుతుంది?

గాలి తీసివేసిన గాజు బుడ్డిలో నడుమ వేడెక్కే కాథోడు, చుట్టూ గొట్టం వంటి ఆనోడు, ఈ రెంటి మధ్య సన్నని తీగతో చుట్టిన గ్రిడ్ ఉంటాయి. కాథోడు నుండి ఆనోడుకు పోయే ఎలక్ట్రానుల ప్రవాహాన్ని గ్రిడ్ అదుపు చేస్తుంది. గ్రిడ్‌కూ కాథోడుకూ మధ్య దూరం మిల్లీమీటరులో చిన్న భాగం మాత్రమే. బుడ్డి అదిరితే ఈ దూరం మారుతుంది. దూరం మారితే ప్రవాహం మారుతుంది. గిటారు నుండి వచ్చిన సంకేతానికీ, అదురు వల్ల కలిగిన మార్పుకూ భేదం వాల్వుకు తెలియదు. రెంటినీ సమానంగానే పెంచి పంపుతుంది.

ఈ అదురు అన్ని వాల్వులలోనూ ఒకే విధంగా హాని చేయదు. గిటారు వర్ధకాలలో ఎక్కువగా కనిపించే ఈసీసీ83 అనే జంట ట్రయోడును తీసుకుందాము. ఒక్కొక్క అంచెలో సంకేతం సుమారు 50 రెట్లు పెరుగుతుందని అనుకుంటే, మొదటి అంచె గ్రిడ్ వద్ద 1 మిల్లీవోల్టుకు సమానమైన అదురు ఆ అంచె దాటేసరికి 50 మిల్లీవోల్టులు, రెండవ అంచె దాటేసరికి 2.5 వోల్టులు అవుతుంది. అదే అదురు రెండవ అంచెలో పుడితే 50 మిల్లీవోల్టుల వద్దనే ఆగుతుంది. కాబట్టి దొంగను వెదకవలసిన మొదటి చోటు మొదటి వాల్వే.

ఈ సత్యాన్ని పెద్ద సంస్థలు కూడ అనుభవం మీదనే తెలుసుకున్నాయి. ఇంగ్లండులోని వాక్స్ సంస్థ 1958లో వెలువరించిన 15 వాట్ల ఏసీ15 వర్ధకంలో మొదటి అంచెకు ఈఎఫ్86 అనే పెంటోడును వాడారు. వర్ధన శక్తి ఎక్కువ, స్వరం ఇంపు. కాని 30 వాట్ల ఏసీ30 వచ్చి, పెట్టెలో రెండు పెద్ద స్పీకర్లు మ్రోగసాగిన తరువాత, ఆ అదురుకు ఈఎఫ్86 తట్టుకొనలేకపోయింది. కొద్ది కాలంలోనే దాని స్థానంలో ఈసీసీ83ను ప్రవేశపెట్టారు. 1962లో లండనులో జిమ్ మార్షల్ దుకాణంలో మొదలైన వర్ధకాలలో వర్ధకం ఒక పెట్టెలో, స్పీకర్లు వేరొక పెట్టెలో ఉండే అమరిక ప్రసిద్ధి పొందింది. మోసుకొనిపోవడానికి శ్రమ ఎక్కువైనా వాల్వులకు కొంత ఉపశాంతి లభించింది.

మన పల్లెల పాత వాల్వు మైకుసెట్లలో ఈ వేరుచేయడం సహజంగానే జరిగింది. సెట్టు అరుగు మీద, హారన్లు వేపచెట్టు కొమ్మ మీద. పీర్ల పండుగకైనా, హరికథకైనా ఇదే ఏర్పాటు. అందుచేత ఇంటి దొంగ బెడద వాటికి తక్కువ. కాని అదే సెట్టును ఊరేగింపులో లారీ మీదకు ఎక్కించినా, డీజిలు ఇంజను పక్కన పెట్టినా వాల్వుకు అదురు తప్పదు.

దొంగను గుర్తుపట్టడం

ముందుగా ఒక హెచ్చరిక. వాల్వు వర్ధకంలో 300 వోల్టులకు పైబడిన విద్యుత్తు ఉంటుంది. స్విచ్చి ఆపిన తరువాత కూడ కెపాసిటర్లలో అది నిలువ ఉండి ప్రాణాపాయం కలిగించగలదు. కావున క్రింద చెప్పిన పరీక్షలన్నీ పెట్టె విప్పకుండ, బయటకు కనిపించే వాల్వుల వరకే చేయాలి. లోపలి పని తెలిసినవారికే అప్పగించాలి. స్పీకరు తగిలించకుండ వర్ధకాన్ని ఎన్నడూ మ్రోగించరాదు. అట్లు చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చు.

మొదటి పరీక్ష: గిటారు వైరును ఊడదీయాలి. హోరు ఆగితే దోషం గిటారులో గాని, వైరులో గాని ఉన్నది. ఆగకపోతే దోషం వర్ధకానిదే.

రెండవ పరీక్ష: చెవిని పెట్టెకు దగ్గరగా ఉంచి వినాలి. గలగలమనే చప్పుడు స్పీకరు నుండి కాక చెక్క నుండి వస్తూంటే అది వదులైన మర గాని, వెనుక పలక గాని అయి ఉంటుంది. మర బిగిస్తే సరిపోయే దానికి వాల్వు మార్చిన వారిని మేము ఎరుగుదుము.

మూడవ పరీక్ష: వర్ధకం పనిచేస్తూండగా సన్నని చెక్కపుల్లతో ఒక్కొక్క వాల్వును మృదువుగా తట్టాలి. మొదటి వాల్వును తట్టినప్పుడు స్పీకరులో కొద్దిపాటి టక్కు వినిపించడం సహజం. తట్టిన తరువాత గంట మ్రోగినట్లు ఆ ధ్వని సాగుతూ ఉంటే అదే మన దొంగ. తట్టినప్పుడు గరగరమంటే మాత్రం దోషం వాల్వుది కాకపోవచ్చు. బేసులో పట్టు వదులైన పిన్నో, పగిలిన టంకపు అతుకో కారణం కావచ్చు. దుమ్ము అధికమైన మన మెట్టసీమలో బేసులు మురికి పట్టడం తరచుగా జరిగే విషయమే.

నాలుగవ పరీక్ష: తెలిసినవారి చేత స్పీకరు వైరును పొడిగింపజేసి, స్పీకరును రెండు మూడు బారల దూరంలో ఉంచి మ్రోగించాలి. హోరు ఆగితే అదురు స్పీకరు నుండి వాల్వుకు చేరుతున్నదని రుజువైనట్లే.

ఖర్చు లేని మందులు ముందు

హోరు పుట్టడానికి ఒక నియమం ఉంది. స్పీకరు నుండి అదురుగా తిరిగి వచ్చినది, చక్రం ఒకసారి తిరిగేసరికి, మొదటి దానికి సమానమో అధికమో కావాలి. అప్పుడే హోరు నిలబడుతుంది. కొంచెం తగ్గినా దానంతట అదే చల్లారుతుంది. కాబట్టి అదురును పూర్తిగా నిర్మూలించే ఒకే ఒక మహౌషధం కోసం వెదకనక్కరలేదు. ఒక్కొక్కటి అదురును పదింట ఏడు వంతులకు తగ్గించే మూడు చిన్న ఉపాయాలు చేసినా, మూడూ కలిసి దానిని మూడింట ఒక వంతుకు దించుతాయి. 0.7ను మూడుసార్లు హెచ్చిస్తే 0.343 గదా! అందువల్ల ఖర్చు లేని వాటితోనే ప్రారంభించడం వివేకం.

మొదటిది, వాల్వుల స్థానాలు మార్చడం. ఒకే రకం వాల్వులు మూడు ఉంటే, స్విచ్చి ఆపి, చల్లారనిచ్చి, అన్నిటిలో నిదానమైన దానిని మొదటి బేసులోను, గింగుమనే దానిని చివరి బేసులోను పెట్టాలి. అక్కడ దాని మాట చెల్లదు. మా విద్యార్థి పెట్టెలో సగం హోరు దీనితోనే పోయింది. మరమ్మతుదారు వేసిన కొత్త వాల్వులలో గింగుమనే గుణం అందరికంటె ఎక్కువగా ఉన్నదే మొదటి బేసులో కూర్చున్నది! కొత్త వాల్వు అంటే మంచి వాల్వు అని అర్థం కాదు. బెంగుళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వుల తయారీ ప్రారంభించిన తరువాత చాలాకాలం అవి మనకు సమీపంలోనే దొరికేవి. నేడు ఇవి ప్రధానంగా స్లొవేకియా, రష్యా, చైనా దేశాల నుండి రావలసిందే. కావున ఉన్నదానిని సరియైన చోట వాడుకొనడం పొదుపు.

రెండవది, పెట్టె క్రింద మెత్తనిది పరచడం. మన ఇళ్ళలో నేల చాలావరకు తాడిపత్రి బండ. డీజిలు ఇంజనుదో, డప్పులదో, పక్కనున్న స్పీకరుదో అదురు బండలో నుండి నేరుగా పెట్టెలోకి ఎక్కుతుంది. నాలుగు మడతలు వేసిన గొర్రెల కంబళి పెట్టె క్రింద పరిస్తే నేల దారి చాలావరకు మూసుకుంటుంది. పెట్టెపై మాత్రం కప్పరాదు. వాల్వుల వేడి బయటకు పోవాలి.

మూడవది, వేడికి తట్టుకొనే సిలికోన్ ఉంగరాలను మొదటి అంచెల వాల్వుల గాజుకు తొడగడం. గాజు గింగుమనడాన్ని ఇవి కొంత త్వరగా అణచివేస్తాయి. మామూలు రబ్బరు బ్యాండు కరగి అంటుకొనిపోతుంది. దానిని వాడరాదు.

రబ్బరు లెక్క

ఇంకను మిగిలిన అదురుకు, వాల్వు బేసునే రబ్బరు వాషర్లపై తేలవేసి, మెత్తని వైర్లతో కలపడం పాత ఉపాయం. ఇది తెలిసినవారు చేయవలసిన పని. కాని ఇందులో చాలామంది పొరబడే ఒక లెక్క ఉంది.

రబ్బరుపై బరువు పెట్టినప్పుడు అది ఎంత కుంగుతుందో మిల్లీమీటర్లలో చూసి, ఆ సంఖ్య వర్గమూలంతో 16ను భాగిస్తే ఆ అమరిక సహజ పౌనఃపున్యం సుమారుగా తెలుస్తుంది. 1 మిల్లీమీటరు కుంగితే సెకనుకు 16 కంపనాలు. దానికి 1.4 రెట్లు దాటిన తరువాతనే రబ్బరు అదురును తగ్గించడం మొదలుపెడుతుంది. గిటారు మంద్రపు తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది. ఆ అదురులో నూటికి నాలుగు వంతులు మాత్రమే వాల్వును చేరుతాయి. రబ్బరు గట్టిదై 0.1 మిల్లీమీటరే కుంగితే సహజ పౌనఃపున్యం 50 అవుతుంది. అప్పుడు నూటికి అరవై వంతులు చేరుతాయి. ఇక రబ్బరు ఎండి 0.04 మిల్లీమీటరే కుంగితే లెక్క 80కి వస్తుంది. అనగా మంద్రపు తీగతో రబ్బరు అనునాదం చెంది, అదురును తగ్గించకపోగా పెంచుతుంది! రక్షకుడే భక్షకుడైనట్లు.

ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడి, వేసవిలో 40 డిగ్రీలు దాటే మన జిల్లాలో ఇది గుర్తుంచుకొనవలసిన విషయం. ఎండకు, వాల్వు వేడికి రబ్బరు త్వరగా రాయి అవుతుంది. మా విద్యార్థి పెట్టెలో వెనుకటి యజమాని ఎవరో ఇట్లే రబ్బరు వాషర్లు వేయించాడు. గోటితో నొక్కితే గుర్తుపడనంత బిరుసెక్కి ఉన్నాయి. వాటి స్థానంలో మెత్తని సిలికోన్ వాషర్లు వేయించి, బేసును చిన్న బరువైన ఇత్తడి పలకపై బిగింపజేశాము. వాల్వు తేలిక కనుక, ఆ బరువు లేనిదే మెత్తని రబ్బరైనా తగినంత కుంగదు.

చివరకు జరిగినది

అన్నిటికీ కలిపి అయిన ఖర్చు అతడు మొదట కొన్న ఒక్క వాల్వు వెల కంటె తక్కువ. హోరు పూర్తిగా పోయిందని మేము చెప్పము. ధ్వని మీటను చివరివరకు త్రిప్పితే నేటికీ గింగురుమని సన్నగా వినిపిస్తుంది. కాని పెళ్ళి పందిరిలో అతనికి కావలసినంత వరకు పెట్టె నిశ్శబ్దంగా నిలబడుతుంది. ఆ ఏడాది వాన ఎగగొట్టి వేరుశనగ చేతికి రాలేదు. కుర్రవాని పరీక్ష రుసుము ఆ పెట్టె సంపాదనలో నుండే కట్టాడు. అమ్మివేయమన్న తండ్రే ఇప్పుడు ఊరికి పోయేటప్పుడు దానిక్రింద పరచడానికి తన కంబళిని మడిచి ఇస్తున్నాడని విని సంతోషించాము.

విద్యార్థులారా! యంత్రం మొరాయించినప్పుడు మార్చడానికి ముందు వినండి, తట్టి చూడండి, ఒక్కొక్క మార్పే చేసి ఫలితాన్ని వ్రాసుకొనండి. రెండు మార్పులు ఒకేసారి చేస్తే మేలు దేనివల్ల కలిగిందో ఎన్నటికీ తెలియదు. ఇంటి దొంగను ఈశ్వరుడు పట్టలేడేమో గాని, ఓపిక గల చెక్కపుల్ల పట్టగలదు.