కుండకు చిత్రము, చిత్రము క్రింద పేరు

గుడిలోని విగ్రహమునకు, రాజుల కోటకు చిత్రములు గలవు. మన వంటయింటి పెరుగుదుత్తను చిత్రింపదగిన వస్తువుగా నెంచువారు అరుదు. అయితే అమెరికా దేశమున ఇట్టి సామాన్య వస్తువులకే వేలకొలది చిత్రములు వ్రాయించిరి.

1929 తరువాత ఆ దేశమును ఆర్థికమాంద్యము పీడించెను. పనిలేని చిత్రకారులకు జీతమిచ్చి పని కల్పింప ప్రభుత్వము 1935లో పూనుకొనెను. అందొక భాగము ‘ఇండెక్స్ ఆఫ్ అమెరికన్ డిజైన్’. ఆటవస్తువులు, దుప్పట్లు, పెట్టెలు, మట్టిపాత్రలు మున్నగువానికి 1942 లోపల సుమారు 18,000 నీటిరంగుల చిత్రములు సిద్ధమయ్యెను. అవి 1943 నుండి వాషింగ్టను జాతీయ చిత్రశాలలో నున్నవి. ఈ పనికి తొలి ఆలోచన చెప్పినవారిలో ఒకరైన రూత్ రీవ్స్ 1956లో మన దేశమునకు వచ్చి, ఇచ్చటి హస్తకళలను పరిశీలించి, 1966లో ఢిల్లీలో కాలధర్మము నొందిరి.

ఆ పాత్రలలో కొన్ని పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మను భాషీయులవి. వారు ఎఱ్ఱమట్టి పళ్లెముపై తెల్లమట్టి నీరు పూసి, పుల్లతో గీరి పూలను, పక్షులను తీర్చెడివారు. గీరినచోట ఎఱుపు బయటపడి బొమ్మ యగును. చుట్టును ఇంగ్లీషు వినబడుచున్నను, పళ్లెపు టంచున తమ జర్మను మాటలనే వ్రాసికొనిరి. ఆ పళ్లెములతోపాటు ఆ మాటలును నేటికి నిలిచినవి.

చిత్రకారుడు పాత్రను ఎదుట నుంచుకొని కొలుచును. పలుచని రంగును పూతపై పూతగా వేయును. తళుకున్నచోట తెల్లకాగితమునే విడిచిపెట్టును. పగులును, ఊడిన పెచ్చును దాచడు. కొలత, చేసిన చోటు, కాలము మున్నగు వివరములు వేఱొక పత్రమున వ్రాయుదురు. అందము కల్పించుట గాక, ఉన్నది ఉన్నట్లు చూపుటయే అచట నియమము.

మన ధర్మపురి అంగడిలో కుండను ‘పానై’ అని యడుగుదుము. అందు దోషము లేదు. ఊరి భాష తెలిసియుండవలసినదే. కాని నీరు కాచు కాగు, నీరు నిలువజేయు బాన, పెరుగు తోడువేయు దుత్త, చిన్న పిడత, మూతవేయు మూకుడు అను పేర్లు మన యిండ్లలో గాక మఱెచ్చట వినబడును? స్టీలు, ప్లాస్టిక్కు వచ్చి కుండ వాడుక తగ్గినకొలది ఈ మాటలును మఱుగుపడుచున్నవి.

విద్యార్థులారా! ఇంట మిగిలిన కుండ నొకదానిని ఎదుట పెట్టుకొని గీయుడు. ఎత్తును, నోటి వెడల్పును కొలువుడు. క్రింద దాని పేరును, ఉపయోగమును తెలుగు లిపిలో వ్రాయుడు. తల్లిదండ్రులారా! పేరు తెలియక బిడ్డ మీ కడకు వచ్చినచో విసుగక చెప్పుడు. మీకు తెలియనిచో అవ్వ నడుగుడు. కుండ పగిలినను మఱియొకటి దొరకును. పేరు మఱచినచో చెప్పువారు దొరకరు.