పాత వ్యాను కొంటున్నారా? లోపం చెప్పే బాధ్యత, తిప్పి ఇచ్చే హక్కు

ఇంట్లో అమ్మానాన్నలు, ముగ్గురు నలుగురు పిల్లలు ఉన్న కుటుంబం ఏ వలీమాకో, ఆస్పత్రికో బయలుదేరాలంటే రెండు ఆటోలు మాట్లాడుకోవలసిందే. అలాంటి వారిలో చాలామంది చూపు మారుతి ఈకో మీద పడుతుంది. 2010లో మార్కెట్లోకి వచ్చిన ఈ వ్యాను పాత బండ్లలో 5 సీట్లది, 7 సీట్లది రెండూ దొరుకుతాయి. అంతకు ముందు నుంచీ ఉన్న ఓమ్ని తయారీ 2019లో ఆగిపోయింది. వడ్డీ రుణం జోలికి పోకూడదనుకునే వారు చేతిలో ఉన్న డబ్బుతో పాత బండి వెతుక్కుంటారు. ఇది మంచి ఆలోచనే. అయితే పాత బండ్ల బేరంలో ఉన్నంత దాపరికం మరే బేరంలోనూ ఉండదేమో! అందుకే ఈ వ్యవహారంలో షరీఅత్ ఏమంటుందో, బండిని ఎలా చూసుకోవాలో రెండూ కలిపి తెలుసుకుందాం.

అమ్మేవారి బాధ్యత

దైవప్రవక్త (స) ఒకసారి బజారులో ధాన్యపు రాశి దగ్గర ఆగి అందులో చెయ్యి పెట్టారు. లోపల తడి తగిలింది. వాన వల్ల తడిసిందని వర్తకుడు చెప్పాడు. జనానికి కనిపించేలా ఆ తడి గింజల్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన నిలదీశారు. మోసగించేవాడితో తనకు సంబంధం లేదని హెచ్చరించారు. గమనించండి, ఆ వర్తకుడు నోటితో అబద్ధం ఆడలేదు. పొడి గింజలు పైన, తడి గింజలు కింద ఉండనిచ్చాడు, అంతే. తుప్పు మీద పుట్టీ పూసి రంగు వేయడం, మీటరు వెనక్కి తిప్పడం, వరదలో మునిగిన బండిని కడిగి తుడిచి నిలబెట్టడం ఇలాంటివే. “వాళ్ళు అడగలేదు, మేం చెప్పలేదు” అనే సాకు చెల్లదు.

ఏది లోపం అనే దానికి హనఫీ ధర్మవేత్తలు తేలికైన కొలత ఇచ్చారు. ఆ వ్యాపారంలో ఉన్నవారి దృష్టిలో ధర తగ్గించేది ఏదైనా లోపమే. కాబట్టి మెకానిక్కు, బండ్ల బేరగాళ్ళు దేన్ని చూసి ధర తగ్గిస్తారో దాన్ని అమ్మేవారు ముందే చెప్పాలి.

కొనేవారి హక్కు, అది పోయే తీరు

కొన్న తరువాత పాత లోపం బయటపడితే కొన్నవారికి “ఖియారె ఐబ్” అనే హక్కు ఉంటుంది. బండిని తిప్పి ఇచ్చి మొత్తం డబ్బు తీసుకోవచ్చు, లేదా అదే ధరకు ఉంచుకోవచ్చు. బండి ఉంచుకుని కొంత డబ్బు వెనక్కి ఇమ్మని పట్టుబట్టే హక్కు మాత్రం లేదు. అమ్మినవారు ఒప్పుకుంటే వేరే మాట. మన చేతికి వచ్చాక బండికి కొత్త దెబ్బ తగిలితే తిప్పి ఇవ్వడం కుదరదు. అప్పుడు పాత లోపం వల్ల తగ్గిన విలువ మేరకు అడగవచ్చు. ఇక “ఉన్నది ఉన్నట్టు, ఏ లోపానికీ నా పూచీ లేదు” అని అమ్మినవారు ముందే షరతు పెట్టి, మనం ఒప్పుకుంటే హనఫీ మజ్‌హబ్‌లో ఆ షరతు చెల్లుతుంది. తెలిసిన లోపాన్ని దాచిన పాపం మాత్రం అమ్మినవారి మెడకు ఉండనే ఉంటుంది.

ఇక్కడ మా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. ఈ అధ్యాయాన్ని మదరసాలో చదివి, తరువాత విద్యార్థులకు చెప్పి కూడా మేం పొరబడ్డాం. పాత ఈకో కొన్న రెండో రోజు కాలికింది మ్యాటు ఎత్తి చూస్తే నేల రేకు పుచ్చిపోయి ఉంది. తిప్పి ఇవ్వాలనే అనుకున్నాం. కానీ మరునాడు బంధువుల పెళ్ళి. “ఈ ఒక్కసారికి వెళ్ళొద్దాం” అని ఇంటిల్లిపాదీ అదే బండిలో వెళ్ళాం. తిరిగి వచ్చి అడిగితే, “చూశాక కూడా వాడుకున్నారు కదా” అన్నాడు అమ్మిన ఆయన. దాచిన తప్పు ఆయనది, కానీ ఆ మాట మాత్రం నిజం. లోపం తెలిశాక సొంత పనికి వాడితే దానికి ఒప్పుకున్నట్టే లెక్క. పూర్వ గ్రంథాల్లో ఈ ఉదాహరణ సవారీ పశువు పేరుతో ఉంటుంది. తిప్పి ఇవ్వడానికో, నీళ్ళు తాగించడానికో ఎక్కితే హక్కు పోదు, సొంత అవసరానికి ఎక్కితే పోతుంది. వెల్డింగు ఖర్చు మేమే భరించాం.

దీనికి ముందే దారి ఉంది. బేరం కుదిరేటప్పుడు “మూడు రోజులు చూసుకుంటాం, నచ్చకపోతే తిప్పి ఇస్తాం” అని షరతు పెట్టుకోవచ్చు. ఇది “ఖియారె షర్త్”. ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) దీనికి మూడు రోజుల పరిమితి పెట్టారు. ఒప్పంద కాగితంలో ఈ ఒక్క వాక్యం రాయించుకోండి. ఒప్పుకోని అమ్మకందారుని గురించి మరొక్కసారి ఆలోచించుకోండి.

బండిని చూసే పద్ధతి

ఈకో ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది. సీటు ఎత్తించి ఆయిలు కారుతుందేమో చూడండి. బండి చల్లగా ఉన్నప్పుడు మీ ఎదుటే స్టార్ట్ చేయించండి. నీలం పొగ వస్తే ఇంజను ఆయిలు తాగుతోందన్నమాట. జరిగే తలుపుల పట్టాలు, మ్యాట్ల కింది రేకు తప్పక చూడండి. టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, మొదటి రెండు తయారైన వారం, తరువాతి రెండు సంవత్సరం. నడిపి చూడటానికి ఒక్కరే వెళ్ళకండి. ఇంటివాళ్ళందరినీ ఎక్కించుకుని ఒక ఫ్లైఓవరు ఎక్కించండి. ఒక్కరితో బాగా నడిచిన బండి ఏడుగురితో మూలుగుతుంది. గ్యాసు బండి అయితే సీఎన్‌జీ సిలిండరుకు మూడేళ్ళకోసారి జరగవలసిన పరీక్ష పత్రం అడగండి.

సరుకులు మోసిన వ్యానుకు తరువాత సీట్లు బిగించి కుటుంబ బండిగా అమ్మేవారూ ఉన్నారు. ఆర్‌సీలో ఎన్ని సీట్లు ఉన్నాయో, బండిలో అన్నే ఉండాలి. లేకుంటే ప్రమాదం జరిగిన రోజున బీమా దగ్గర పేచీ వస్తుంది. ఇంకొక మాట. 2016లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ ఎయిర్‌బ్యాగు లేని ఈకోను పరీక్షించినప్పుడు పెద్దల రక్షణలో దానికి ఒక్క నక్షత్రం కూడా రాలేదు. పిల్లల్ని ఎక్కించే బండి కాబట్టి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఎయిర్‌బ్యాగు ఉన్న తరువాతి సంవత్సరాల బండే చూడమని మా సలహా.

కాగితాలు, బయానా

ఆర్‌సీ మీద బ్యాంకు పేరు ఉంటే అది తాకట్టులో ఉన్న బండి. తాకట్టు పెట్టించుకున్నవారి అనుమతి లేకుండా అలాంటి అమ్మకం పూర్తి కాదని ఫిఖహ్ కూడా చెబుతుంది. బ్యాంకు నుంచి ఫారం 35, నిరభ్యంతర పత్రం వచ్చాకే డబ్బు ఇవ్వండి. ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాక 30 రోజుల లోపు పేరు మార్పుకు, 14 రోజుల లోపు బీమా మార్పుకు దరఖాస్తు చేయాలి. “తరువాత చూద్దాం” అని పాత పేరుతోనే తిప్పడం అమ్మినవారికి అన్యాయం. రిజిస్టరులో ఎవరి పేరు ఉంటే ప్రమాద పరిహారానికి వారే బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మనం చేసిన ప్రమాదానికి ఆయన కోర్టు చుట్టూ తిరగవలసి వస్తుంది.

బేరం తప్పితే బయానా డబ్బు మింగేయడం మన దగ్గర ఆనవాయితీ. హంబలీలు దీన్ని అనుమతించారు గానీ హనఫీ, మాలికీ, షాఫిఈ ధర్మవేత్తల దృష్టిలో అది ధర్మసమ్మతం కాదు. కొనేవారు వెనక్కి తగ్గితే ఆ డబ్బు తిరిగి ఇచ్చేయాలి. మధ్యవర్తి దలాలీ ముందే మాట్లాడుకుని తీసుకోవచ్చు. అమ్మేవారికి ఒక ధర, కొనేవారికి ఇంకొక ధర చెప్పి మధ్యలో మిగిలింది జేబులో వేసుకోవడం మాత్రం ఆయనకు హలాల్ కాదు.