ప్యాకప్ చెప్పేదాకా పిల్లల అన్నం ఆగొద్దు

డిసెంబరులో ఔట్‌డోర్ షూటింగ్ ఉందంటే మధ్యాహ్నం మూడు దాటినప్పట్నుంచీ కెమెరామన్‌కి కాలు నిలవదు. ‘లైట్ పోతోంది, తొందరగా కానివ్వండి’ అని కేకలు మొదలవుతాయి. రైతుల తర్వాత సూర్యుడి రాకపోకల్ని ఇంత శ్రద్ధగా కనిపెట్టుకుని ఉండేది సినిమావాళ్లేనేమో. అలాంటివాళ్లు ఉండే ఫిల్మ్‌నగర్‌లో, కృష్ణానగర్ అద్దె గదుల్లో, ఆ మాటకొస్తే జూబ్లీహిల్స్ బంగళాల్లో కూడా, పిల్లల రాత్రి భోజనం మాత్రం కాల్‌షీట్ చెప్పినట్టు నడుస్తోంది. ‘నాన్న వచ్చాక అందరం కలిసి తిందాం’ అని కూర్చోబెట్టిన పిల్లాడు ఎనిమిదింటికి బిస్కెట్లు, తొమ్మిదింటికి చిప్స్ తిని, పదిన్నరకి కంచం ముందు కునికిపాట్లు పడతాడు.

మీరు అలా ఆపేది ప్రేమకొద్దీనే. రోజంతా కనబడని మనిషితో ఒక్కపూటైనా కలిసి తినాలన్న కోరిక ఎవరికుండదు? ఆ పూట రాత్రిదే కానక్కర్లేదన్నదే నా మాట.

నిజానికి హైదరాబాద్‌లో ఋతువులు మనల్ని పెద్దగా ఇబ్బంది పెట్టవు. జూన్ నెలాఖరులో సూర్యుడు సాయంత్రం 6.50 దాటాక అస్తమిస్తే, నవంబరు నెలాఖరులో 5.40కే అస్తమిస్తాడు. ఏడాది మొత్తానికి గంటంబావు తేడా. న్యూజెర్సీలో స్థిరపడ్డ మనవాళ్లకి జూన్‌లో రాత్రి 8.30 దాకా వెలుతురు, డిసెంబరులో 4.30కే చీకటి. ఎండ ఇంకా ఉందని పిల్లలు ఆట మాని అన్నానికి రారు. మనకి ఆ తంటా లేదు. మన ఇళ్లలో వేళ తప్పిస్తున్నది కాలం కాదు, డ్యూటీ. ఎడిటింగ్ గదిలో, డబ్బింగ్ థియేటర్లో కిటికీ ఉండదు. పగలూ రాత్రీ ఒకటే అయిన ఆ గది అలవాట్లు ఇంటికి కూడా వచ్చేస్తాయి.

ఒంట్లో సంగతి కొంచెం చెప్పాలి. మెదడులోని గడియారం కంట్లో పడే వెలుతురును బట్టి నడుస్తుంది. కాలేయానికీ, క్లోమానికీ, పేగులకీ కూడా సొంత గడియారాలున్నాయి. అవి ఎక్కువగా తిండి వేళను పట్టుకుని నడుస్తాయి. కణాల్లో ఈ గడియారాలు ఎలా పనిచేస్తాయో ఈగల్లో కనిపెట్టినందుకే 2017లో హాల్, రోస్‌బాష్, యంగ్ అనే ముగ్గురికి నోబెల్ వచ్చింది. రాత్రి నిద్రవేళ దగ్గరపడేకొద్దీ మెలటోనిన్ పెరుగుతుంది. అది పెరిగిన వేళ ఇన్సులిన్ విడుదల మందగిస్తుంది. అదే అన్నం పగలు తిన్నప్పటికంటే రాత్రి పొద్దుపోయాక తిన్నప్పుడు రక్తంలో చక్కెరను ఎక్కువ పెంచుతుందని పెద్దవాళ్లపై జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. పిల్లల్లో ముందుగా మీకు కనబడేది మర్నాటి పొద్దున. రాత్రి ఆలస్యంగా తిన్నవాడికి ఆకలి పుట్టదు, ఇడ్లీ వద్దంటాడు, ఖాళీ కడుపుతో బస్సెక్కుతాడు.

కాబట్టి చలికాలంలో రాత్రి అన్నం ఏడు, ఏడున్నర మధ్య పెట్టేయండి. ఎండాకాలంలో ఎనిమిదైనా ఫరవాలేదు. అంతవరకు ఆగలేకపోతే బిస్కెట్ల డబ్బా తీయకండి. బడి నుంచి రాగానే గుగ్గిళ్లో, ఉప్మానో, పల్లీపట్టీనో పెడితే సరిపోతుంది.

ఎండాకాలపు గొడవ వేరు. మార్చి నడిమి నుంచి తెలంగాణలో ఒంటిపూట బడులు పెడతారు, ఉదయం 8 నుంచి 12.30 దాకా. మండుటెండలో ఇంటికొచ్చిన పిల్లకి వెంటనే కంచం పెట్టి బతిమాలడం దండగ. వేడికి ఆకలి మందగించడం మామూలే. మజ్జిగ ఇచ్చి, కాసేపు పడుకోనిచ్చి, అప్పుడు వడ్డించండి. తక్కువ తిన్నా కంగారు పడకండి, ఆ లోటు పొద్దున పూడ్చొచ్చు. రాత్రి మిగిలిన అన్నంలో గోరువెచ్చని పాలు పోసి తోడేసిన చద్దన్నం, ఉల్లిపాయ, కాస్త ఆవకాయ. ఎండలు ముదరకముందే తినిపిస్తే సగం దిగులు తీరినట్టే. ఓట్స్ డబ్బాల మోజులో జూబ్లీహిల్స్ ఇళ్లు దీన్ని మర్చిపోయాయిగానీ, కృష్ణానగర్‌లో ఇంకా తింటున్నారు.

కార్తీకంలో నక్షత్రం చూసి తినే నక్తాలకీ, పక్కనున్న టోలిచౌకీలో రంజాన్ సహర్, ఇఫ్తార్‌లకీ సూర్యుడే లెక్క. అవి పెద్దల నిష్ఠలు. చిన్నపిల్లలు ముచ్చటపడితే ఒక పూట సరదాగా కానివ్వండి, అంతకుమించి వద్దు.

ఇక కలిసి తినే సంగతి. దాన్ని పొద్దుటికి మార్చి చూడండి. తొమ్మిదింటి కాల్‌షీట్ ఉన్న మనిషి ఏడున్నరకైనా బయల్దేరాలి. డిసెంబరు చివర్లో కూడా 6.40 ప్రాంతానికల్లా వెలుగొచ్చేస్తుంది. బాల్కనీలోనో మెట్ల మీదో నలుగురూ కూర్చుని ఇడ్లీ తింటే పిల్లల కంట్లో పొద్దుటి వెలుతురు పడుతుంది, మెదడు గడియారం సర్దుకుంటుంది, మీ ముచ్చటా తీరుతుంది. నైట్ షూటింగ్ చేసి తెల్లారి వచ్చిన అమ్మయినా, నాన్నయినా వాళ్ల పక్కన కూర్చుని కొంచెం తేలిగ్గా తిని పడుకోవచ్చు. రాత్రి ఎప్పుడొచ్చినా నిద్రపోయే పిల్లల్ని లేపి ముద్దలు పెట్టకండి. పెద్దవాళ్లు కూడా ఆ వేళ పెరుగన్నంతో సరిపెట్టుకుంటే మంచిది.

మీ పాపో బాబో తెర మీద నటిస్తుంటే ఇంకొకటి గుర్తుంచుకోండి. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పిల్లలతో రోజుకి అయిదు గంటలకు మించి పని చేయించకూడదు. విరామం లేకుండా మూడు గంటలు దాటకూడదు. ఆ విరామం బిడ్డ భోజనం వేళకి పడేలా చూడమని ప్రొడక్షన్ మేనేజర్‌ని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు.

ప్రీమియర్లూ, పెళ్లిళ్లూ, పండగలూ ఉంటాయి. ఆ రాత్రి పదకొండయినా ఏమీ కాదు. మర్నాడు మాత్రం మధ్యాహ్నం దాకా పడుకోనివ్వకుండా, ఓ గంట ఆలస్యంగానైనా లేపి టిఫిన్ పెట్టండి. రెండు రోజుల్లో మళ్లీ దారిలో పడతారు. మధుమేహం ఉండి ఇన్సులిన్ వాడే పిల్లలైతే భోజనం వేళలు మార్చేముందు డాక్టర్‌తో మాట్లాడండి.